చెవితో చదివిన పుస్తకములు



క్రిందటి నెలలో ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాశారు. "అయ్యగారూ, మీ శీర్షికలో అప్పుడప్పుడు ఏదో నవల పేరు ఎత్తుతుంటారు. సేవకులు నవలలు చదువవచ్చునా? చదివితే ఈ మధ్య ఏవి చదివారు?" అని. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. చదువుతాము, ఇంట్లో అందరికీ తెలిసే చదువుతాము. రెండవ ప్రశ్నకు మాత్రము ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ ఏడాది మేము చదివినవాటిలో సగము కంటితో చదవలేదు, చెవితో విన్నాము.

మా పాస్టరేటులో నాలుగు గ్రామములు. బస్సు కోసము చెట్టు క్రింద నిలబడుట, బస్సులో కూర్చుండుట, ఇవే వారములో సగము పొద్దు మ్రింగుతాయి. బస్సులో పుస్తకము తెరిస్తే మా కళ్లు తిరుగుతాయి. అది చూచి మా యౌవనస్థుల కూటములోని ఒక అబ్బాయి మా ఫోనులో లిబ్రివాక్స్ అనే దానిని పెట్టి ఇచ్చాడు. 2005లో మొదలైన పని ఇది. ప్రచురణ హక్కుల కాలము తీరిపోయిన పాత పుస్తకములను ఊరూరా ఉన్న స్వచ్ఛంద సేవకులు తమ గొంతుతో చదివి, ఎవరైనా వినునట్లు ఉచితముగా ఉంచుతారు. చాలా పుస్తకములలో అధ్యాయమునకు ఒక గొంతు. ఒకరి ఇంగ్లీషు పాలు త్రాగినట్లు దిగిపోతుంది, మరొకరిది రాళ్లు నమిలినట్లుంటుంది. ఏమైనా జీతము లేకుండా చదివినవారు గదా, తప్పు పట్టలేము.

ఇది మనకు క్రొత్తేమీ కాదు. మా తాతగారి కాలములో పల్లెలో అక్షరము వచ్చినవారు ఒక్కరుంటే చాలు, సాయంత్రము లాంతరు పెట్టుకొని ఆయన చదివితే పదిమంది చుట్టూ కూర్చొని వినేవారు. 'యాత్రికుని ప్రయాణము' అట్లే ఎన్నో ఇండ్లలోనికి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లోనూ అదే నడుస్తున్నది. మా అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒకదానికి ఆపరేషను అయినది, రెండవది ఇంకా కాలేదు. పగలు మేము ఇంగ్లీషులో విన్నదానిని రాత్రి భోజనములయ్యాక ఆమెకు తెలుగులో చెబుతాము. ఆమె మధ్య మధ్య ప్రశ్నలు వేస్తుంది. ఆ ప్రశ్నలే ఈ నెల శీర్షికకు మూలము.

మొదట విక్టర్ హ్యూగో వ్రాసిన 'లె మిజరాబ్ల'. 1862లో ఫ్రెంచి భాషలో వెలువడిన నవల. మన తెలుగులో 'బీదలపాట్లు' అంటే పెద్దలకు గుర్తు వస్తుంది. 1950లో నాగయ్యగారు నటించిన ఆ చిత్రము ఈ కథనుండి తీసినదే. మొత్తము 365 అధ్యాయములు. దినమునకు ఒకటి చొప్పున సంవత్సరము పడుతుంది. వినడానికైతే సుమారు 60 గంటలు. మాకు నాలుగు నెలలు పట్టింది.

ఈ కథలోని వెండి దీపస్తంభాల ఘట్టము ఎరుగని ప్రసంగీకుడు ఉండడు. రొట్టె దొంగిలించి జైలుకు పోయిన జాన్ వాల్‌జాన్ విడుదలై వస్తాడు. ఏ ఇంట్లోనూ చోటు దొరకదు, బిషపు మిరియెల్‌గారు అన్నము పెట్టి పడక ఇస్తారు. తెల్లవారేలోగా అతడు ఆయన వెండి సామాను ఎత్తుకొని పారిపోతాడు. జవానులు పట్టి తెస్తే బిషపుగారు, అవి నేనే ఇచ్చాను, దీపస్తంభాలు మరచి పోయావేమి అని వాటిని కూడా చేతిలో పెడతారు. అంతటితో ఆ మనిషి మారిపోయాడు! అట్లని మేము బోధించాము. సుమారు ఇరువది ఏండ్లుగా, కనీసము పది పన్నెండు సార్లు. మాకు ఆ కథ ఎక్కడిదంటే, వేదాంత పాఠశాలలో కొన్న ఒక ఉదాహరణల పుస్తకములోనిది. నవల అట్ట కూడా చూడలేదు.

అమ్మకు ఈ ఘట్టము చెప్పిన రాత్రి ఆమె మొదట అడిగిన మాట, "అబ్బాయీ, అంత మంచి బిషపుగారి ఇంట్లో అసలు వెండి కంచాలెందుకున్నాయిరా?" మేము తడబడ్డాము. ఏ కూటములోనూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కాని పుస్తకములో దానికి జవాబున్నది. సామాను పోయిందని పనిమనిషి గగ్గోలు పెడితే బిషపుగారు, అసలు ఆ వెండి మనదేనా, బీదలది ఇన్నాళ్లు నేను తప్పుగా ఉంచుకొన్నాను, అన్న భావముతో మాట్లాడతారు. జవానులు రాకముందే, ఎవరూ చూడకముందే ఆయన మనస్సులో లెక్క తేలిపోయింది. అంతకుముందే తన పెద్ద బంగళాను ప్రక్కనున్న ఇరుకు ఆసుపత్రి రోగులకు ఇచ్చి, తాను ఆ ఆసుపత్రి ఇంటిలోనికి మారిన మనిషి. సాలుకు వచ్చే 15,000 లివ్రులలో తన ఖర్చుకు 1,000 ఉంచుకొని తక్కినది పంచివేసేవాడు. హ్యూగో దొంగను ప్రవేశపెట్టుటకు ముందు ఈ ఒక్క మనిషిని గూర్చి 14 అధ్యాయములు వ్రాశాడు. చేతిలో పుస్తకముంటే ఆ పేజీలను త్రిప్పివేసేవారమే. చెవికి పేజీలు త్రిప్పుట చేతకాదు, అందువలన విన్నాము. సేవకుల జీతభత్యముల గూర్చి మా డిప్లొమా చదువులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అయితే మమ్మును కూలద్రోసినది ఆ తరువాతి అధ్యాయము. దీపస్తంభాలు పుచ్చుకొని ఊరు దాటిన వాల్‌జాన్ అదే దినము సాయంత్రము ఒక పొద ప్రక్కన కూర్చుంటాడు. పదేండ్ల బీద పిల్లవాడు, పెటీ జెర్వే అని పేరు, చిల్లర నాణెములు ఎగురవేసి పట్టుకొంటూ పాడుకొంటూ వస్తాడు. అందులో ఒక నలుబది సూల నాణెము దొర్లి వాల్‌జాన్ దగ్గరకు పోతుంది. అతడు దానిపై కాలు పెట్టేస్తాడు. పిల్లవాడు బ్రతిమాలుతాడు, ఏడుస్తాడు. అతడు కఱ్ఱ పట్టుకొని లేస్తే భయపడి పారిపోతాడు. వెండి సంచిలో ఉండగానే, క్షమాపణ పొందిన ఇరువది నాలుగు గంటలలోపే, ఒక పిల్లవాని నాణెము! చీకటి పడ్డాక కాలి క్రింద నాణెము మెరిసినప్పుడు గాని అతనికి తెలివి రాలేదు. అప్పుడు ఆ మైదానమంతా పిల్లవాని పేరు పెట్టి కేకలు వేస్తూ వెదకుతాడు. గుఱ్ఱముపై వచ్చిన ఒక గురువును ఆపి, నేను దొంగను, నన్ను పట్టించండి అంటాడు. పిల్లవాడు దొరకడు. పంతొమ్మిది ఏండ్లలో మొదటిసారి అతడు ఏడ్చినది అక్కడ. బిషపుగారి వాకిట కాదు.

ఈ అధ్యాయము విన్నప్పుడు మేము దిగవలసిన స్టాపు దాటిపోయి, మూడు కిలోమీటర్లు వెనుకకు నడిచాము.

కారణము చెబుతాము. రెండేండ్ల క్రిందట మా సంఘములో తాపీ పని చేసుకొనే ఒక సహోదరుడు త్రాగుడు విడిచి అందరి ఎదుట సాక్ష్యము చెప్పాడు. మూడు వారములు గడవకముందే మళ్లీ దుకాణము దగ్గర కనబడ్డాడు. కమిటీ కూర్చొన్నది. ఆ కూటములో మేము ఈ దీపస్తంభాల కథే ఎత్తి, నిజమైన మార్పు ఒక్క రాత్రిలో వస్తుంది, రాలేదంటే అది మార్పు కాదు అన్నాము. ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరముగా ఉంచారు. ఆరు నెలలైన తరువాత కూడా ఆయన రాలేదు. మేము ఉదాహరించిన కథ సగము కథ. మిగిలిన సగము ఆయన పక్షమున ఉన్నది, మేము చదవలేదు. (ఇది ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాము.)

ఒక సాయంత్రము ఆయన ఇంటికి వెళ్లి, మంచముపై కూర్చొని, ప్రార్థనకు ముందు ఆ నాణెము కథ పూర్తిగా చెప్పాము. ఆయన విని, "అయ్యగారూ, ఆ నాణెం మన లెక్కలో ఎంత?" అన్నాడు. కూలివానికి రోజుకు ముప్పది సూలు అని ఆ పుస్తకములోనే ఉన్నదని చెప్పాము. "అయితే రోజుకూలి కంటే ఎక్కువేనండి, పిల్లోడికి" అని ఇక మాట్లాడలేదు. ఇంట్లో ఆమె మంచినీళ్లు తెచ్చింది. తరువాతి ఆదివారము ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కమిటీలో నాడు మేము చెప్పిన మాట పొరపాటని ఈ నెల కూటములో ఒప్పుకొని, మినిట్సులో వ్రాయించాము. ఇంతవరకు జరిగినది ఇది.

కథలో వాల్‌జాన్ తరువాత పేరు మార్చుకొని, గొప్పవాడై, ఒక పట్టణమునకు మేయరు అవుతాడు. అప్పుడు కూడా ఆ దారిన పోయే అటువంటి బీద పిల్లలను పిలిచి, పేరు అడిగి, డబ్బిచ్చి పంపుతాడు. ఎందుకడుగుతున్నాడో ఊరివారికి తెలియదు. వింటున్న మనకు తెలుసు. దీపస్తంభాలు చివరి పేజీలవరకు అతని గదిలోనే ఉంటాయి.

రెండవది 'సైలాస్ మార్నర్', 1861. వ్రాసినది జార్జ్ ఎలియట్, అది పురుషుని పేరు పెట్టుకొన్న ఒక స్త్రీ. చిన్న పుస్తకము, మాకు ఎనిమిది తొమ్మిది బస్సు ప్రయాణములు. సైలాస్ ఒక నేతగాడు. అతడున్న చిన్న సంఘములో డబ్బు పోతుంది. నేరము అతనిపై పడుతుంది. సంఘస్థులు ప్రార్థించి చీట్లు వేస్తే అతడే దొంగ అని వస్తుంది. దొంగ నిజానికి అతని ప్రాణ స్నేహితుడు. సైలాస్ ఆ ఊరును, ఆ నమ్మకమును కూడా విడిచి ఎక్కడో దూరపు పల్లెలో మగ్గము వేసుకొని, పదిహేనేండ్లు బంగారు నాణెములు లెక్కపెట్టుకొంటూ బ్రతుకుతాడు. అవీ పోతాయి. ఒక మంచు రాత్రి పొయ్యి దగ్గర బంగారము మెరిసినట్లుంటే చూపు ఆనక తడుముతాడు. అది ఒక పసిబిడ్డ జుట్టు.

చీట్ల సంగతి చెప్పినప్పుడు అమ్మ, "చీట్లు వేసింది దేవుడా, వాళ్లా?" అన్నది. మేము నీతి సామెతలలోని మాట ఒకటి చెప్పబోయి మానుకొన్నాము.

అమ్మకు అన్నిటికంటె నచ్చినది ఇందులోని డాలీ అనే పొరుగింటి ఆమె. ఆమెకు చదువు రాదు. గుడిలో చూచిన అక్షరములను, అవేమిటో తెలియకపోయినా, మంచివే అయి ఉంటాయని తాను చేసే రొట్టెలపై అచ్చు వేస్తుంది. దేవుని పేరు సూటిగా పలుకుట మర్యాద కాదన్నట్లు పైనున్నవారు అంటుంది. సైలాస్‌కు బిడ్డను పెంచుట నేర్పినది ఆమెయే. "చూశావా, చదువు రానామె" అని అమ్మ రెండుసార్లు అన్నది. ఈ నవలలో మాకు కష్టమైనది సారాయి దుకాణములోని పల్లెవాళ్ల మాటల అధ్యాయము. ఆ యాస మూడుసార్లు విన్నా సగమే పట్టుబడింది. క్రొత్త సంవత్సరపు విందు, నృత్యముల దగ్గర నిద్రపోయాము. నిద్రపోతే పుస్తకము ఆగదు, తన దారిన తాను పోతుంది. వినే పుస్తకములతో ఉన్న పెద్ద చిక్కు అదే. మాకు పెన్సిలు గీత గీయుట అలవాటు, అదీ కుదరదు.

కంటితో చదివినది ఒకటి, ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'. 1922లో వచ్చినది, జైలులో కూర్చొని వ్రాసినది, ఆనాటి ప్రభుత్వము నిషేధించినది. యౌవనములో పరీక్షకు వచ్చిన భాగము మాత్రము చదివాము. ఇప్పుడు పూర్తిగా చదివితే, ఇది మన సంఘములలో చాలామంది తాతముత్తాతల ఇల్లు, వాకిలి, కూలి గింజలు. వాడుక భాషలో వ్రాసినందున పైకి చదువుటకే పుట్టినట్లున్నది. రామదాసు వేదాంతము దగ్గర నడక మందగిస్తుంది, ఓపిక పట్టండి. ఇండ్లలో ఎవరైనా పిల్లలు గట్టిగా చదివితే, ముసలివారు తమ సంగతులు తాము చెప్పుట మొదలుపెడతారు. మా ఇంట్లో ఆ విధముగా మూడు రాత్రులు పుస్తకము ముందుకు సాగలేదు.

టాల్‌స్టాయ్ 'పునరుత్థానము' అనే నవలను పేరు చూచి ఈస్టరు కూటములకు పనికివస్తుందని తెప్పించిన సేవకులు మేమొక్కరమే కామని నమ్ముతున్నాము. అది న్యాయస్థానములు, జైళ్ల కథ. ఇంకా సగములో ఉన్నాము.

హ్యూగో నవల మాకు ముగిసింది గాని అమ్మకు ఇంకా ముగియలేదు. రెండవ సంపుటము మొదట్లో వాటర్లూ యుద్ధము వస్తుంది, 19 అధ్యాయములు. బిషపుగారి సంగతివలె దీనినీ దాటవేయకుండా చెప్పాలనుకొన్నాము. రెండు రాత్రులు గుఱ్ఱములు, ఫిరంగులు, గోతులు వర్ణించాము. మూడవ రాత్రి అమ్మ దుప్పటి కప్పుకొని, "అబ్బాయీ, యుద్ధం అయిపోయాక లేపు" అన్నది.