రెండు ఉచితాలు



మన పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తే ఉచితాలతో సోమరులను చేస్తున్నరంటరు. 2022 జులైలో ప్రధానమంత్రే 'రేవడీ' అని ఎగతాళి చేసిండు. అదే ఒక కంపెనీ యాప్‌ను ఉచితంగా ఇస్తే వ్యాపార తెలివి అని మెచ్చుకుంటరు. ఈ రెండు ఉచితాలు ఒకటి కావు. మొదటిది హక్కు. రెండోది ఎర.

ఎర ఎట్లా పనిచేస్తదో హన్మకొండలో గ్రూప్స్‌కు చదివే ఎవరినడిగినా చెప్తరు. కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో, గ్రంథాలయంల ఎవరి ఫోన్ చూసినా రెండు మూడు కోచింగ్ యాప్‌లుంటయి. రోజూ క్విజ్ ఫ్రీ. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ ఫ్రీ. మొదటి రెండు క్లాసులు ఫ్రీ. మూడో క్లాసు కాడ తాళం. రిజిస్టర్ చేసుకున్ననాడే మన నంబర్ వాళ్ల చేతికి పోయింది. ఏ సబ్జెక్టుల వెనుకబడ్డమో క్విజ్ చెప్పింది. ఇగ ఫోన్ల మీద ఫోన్లు: 'ఆఫర్ ఈ రాత్రి దాకే.' ఒకసారి రికార్డు చేసిన పాఠాన్ని పదిమంది చూసినా లక్షమంది చూసినా ఖర్చు పెద్దగా పెరగదు. అందుల కొద్దిమంది కొంటే చాలు, అందరికీ ఇచ్చిన ఉచితం గిట్టుబాటు అయితది. ఎనుమాముల మార్కెట్ల అడ్తిదారు అప్పిచ్చి, పత్తి తనకే అమ్మించుకున్నట్టే.

ములుగు నుంచి వచ్చిన పిల్లకు అశోక్‌నగర్ పాఠం ఫోన్లనే దొరకడం మంచిదే. నా ప్రశ్న, ఆ కొనే కొద్దిమంది ఎవరని. 2022 డిసెంబర్‌ల జాతీయ బాలల హక్కుల కమిషన్ బైజూస్ అధిపతికి సమన్లు పంపింది. పిల్లల, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు కొంటున్నరని, ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లలనే గురిపెడుతున్నరని కమిషన్ అధ్యక్షుడు ఆరోపించిండు. నంబర్లు కొన్నమన్న మాటను కంపెనీ ఖండించింది. కానీ 'మొదటి తరం' అంటే ఎవరో మనకు వేరే చెప్పాల్నా? దారి చూపే అన్న, మామ ఇంట్లో లేనోళ్లు. భయం ఎక్కువున్నోళ్లు. అంటే మనమే.

ఇంకో లెక్క చూడండి. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌ల వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నరు, నవంబర్ అన్నరు, 2024 జనవరి అన్నరు, మళ్లీ ఆగస్టు అన్నరు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో పెట్టిన్రు. నోటిఫికేషన్ చూసి ఏడాది వ్యాలిడిటీతో కోర్సు కొన్న పిల్లకు పరీక్షకు దాదాపు ఏడాది ముందే తాళం పడ్డది. మళ్లీ కట్టాలె. వాయిదా వేసింది సర్కారు, లాభపడ్డది యాప్, కట్టింది కూలికి పోయే అమ్మ.

యాప్‌లు తీసేయమని నేను చెప్పను. ఫ్రీగా ఇచ్చేదంతా వాడుకోండి. కొనే ముందు మాత్రం నలుగురు కూడి పాత ప్రశ్నపత్రాలు చేసి చూడండి. ఏది నిజంగా తక్కువైందో మీకే తెలుస్తది. ప్రజల పైసలతో నడిచే టీ-సాట్ యాప్ ఉంది, ఎస్సీ స్టడీ సర్కిల్ ఉంది. అవి మనకు రాత్రిపూట ఫోన్ చేసి ఆఫర్లు చెప్పవు. అందుకే మనం మరిచిపోతున్నం.

విద్యార్థి సంఘాలు పట్టుకోవాల్సిన డిమాండ్లు ఇవి: తెలుగు మీడియంల ప్రతి పేపర్‌కు పూర్తి టెస్ట్ సిరీస్ టీ-సాట్‌ల పెట్టాలె. పరీక్ష వాయిదా పడితే అమ్మిన కోర్సుల గడువు పరీక్ష దాకా పొడిగించేటట్టు నిబంధన తేవాలె. స్టడీ సర్కిళ్లల్ల సీట్లు పెంచాలె.

హక్కుగా రావాల్సిన చదువు రాకపోతేనే ఎరకు గిరాకీ. చెరువుల నీళ్లుంటే చేప గాలానికి అంత తొందరగా చిక్కదు.