తామరకు కణుపులే మూలధనము

తామర నాటదలచిన సభ్యులలో కొందఱు దుంప లావును, తూకమును మాత్రమే చూచి వెల కట్టుచున్నారు. ఇది సరియైన పద్ధతి కాదని మా యభిప్రాయము. కూరకు కొనువారు లావు చూడవచ్చును; నాటుటకు కొనువారు కణుపులను, కొనమొగ్గను చూడవలెను. ఏలయన, నాటిన దుంపకు వేరు పుట్టు చోటు కణుపే.

కందిమొక్కకువలె తామరకు ఎదిగిన తల్లివేరు లేదు. విత్తనము మొలచినపుడు సైతము అందలి తల్లివేరు ఎదుగక నిలిచిపోవును. మొక్కను పోషించు వేళ్లు తరువాత కాండమునుండి పుట్టునవి. వీనిని అబ్బురపు వేళ్లందురు. బురదలో ప్రాకు దుంప వేరు కాదు, కాండమే. దాని కణుపుల చుట్టును వేళ్లు గుత్తులుగా వెలువడి, ముదిరినకొలది గోధుమవన్నెకు తిరుగును. చెఱకు ముచ్చెను నాటినపుడు కణుపుకడ వేళ్లు వచ్చుటను మన రైతు లెఱుగుదురు, ఇదియు నట్టిదే.

వేరు కణుపులోపలనే ఆరంభమగును. అచ్చటి కొన్ని కణములు మరల విభజన చెంది, చిన్న మొటిమవలె నేర్పడి, పై పొరలను చీల్చుకొని బయటికి వచ్చును. ఇందుకు రెండు సాయములు కావలెను. కొనమొగ్గలోను లేత యాకులలోను పుట్టు ఆక్సిన్ అను పదార్థము వేరు పుట్టుటకు ప్రేరణ నిచ్చును. దుంపలోని పిండి చక్కెరగా మాఱి తొలి వేళ్లకు ఆహారమగును. కాబట్టి కొన విఱిగినను, దుంప కుళ్లినను, ఆ నష్టము వేళ్లకు తగులును.

ముక్కలు చిన్నవి చేసిన ఖర్చు తగ్గునని కొందఱందురు. కణుపు లేని ముక్క ఎంత చౌకయైనను దండుగయే. కొన చెడని, 2 లేక 3 కణుపులుగల దుంపను కొన కొంచెము క్రిందికి వాలునట్లు బురదలో ఏటవాలుగా పాతవలెను.

నీటి విషయములోను తొందర కూడదు. బురదలో గాలి చాలదు. ఆకులలో ప్రవేశించిన గాలి కాడలలోని గొట్టముల ద్వారా దుంపకును వేళ్లకును దిగును. నాటినవెంటనే మడినిండ నీరు పెట్టినచో లేత యాకు పైకి రాలేదు, వేళ్లకు గాలి అందదు. మొదట 2 మొదలు 4 అంగుళముల నీరు చాలును. ఆకులు లేచినకొలది క్రమముగా పెంచవలెను. వేళ్లు పట్టిన పిదప మడిలో దిగి త్రొక్కరాదు.

మఱియొక మాట. కణుపు కణుపునకు వేరు తన్ని ప్రాకు మొక్క గనుక, పదిమంది పొలములకు నీరిచ్చు చెఱువులో దీనిని ఒక్కరి యిష్టముచొప్పున నాటుట తగదు. నాలుగు వైపుల గట్టుకట్టిన మడి వేఱుగా నేర్పఱచుకొనుటయే న్యాయము.

ఎవరికి వారు దుంపలు కొనుటకంటె సభ్యులు కలిసి సంఘము ద్వారా తెప్పించుకొనుట మేలు. తూకము వేయకముందే కణుపులను, కొనలను పరీక్షించి, చెడినవానిని త్రోసివేయు హక్కు కొనువారిదని బేరమునందే చెప్పవలెను. పైకము చెల్లించిన పిదప దుంపను త్రిప్పి చూచి ప్రయోజనము లేదు.