నల్లతుమ్మను నరికి సర్కారుతుమ్మను పెంచుచున్నాము



గట్టుమీది నల్లతుమ్మను కొట్టివేయుట మంచి సేద్యమని మనలో పలువురి నమ్మకము. చెట్టు నీడకు పైరు గిడసబారుననియు, వేరు చేనిలోని తేమను పీల్చుననియు, ముల్లు కాలిలో దిగుననియు చెప్పుదురు. ఇందులో ఏదియు అబద్ధము కాదు. అయినను కొట్టివేయుట పొరపాటని నా అభిప్రాయము.

నల్లతుమ్మను మొదలంట నరికినచో చాలవరకు మరల చిగిర్పదు. సర్కారుతుమ్మ అట్లు కాదు. ఒక కొమ్మ కొట్టినచోట పది పిలకలు లేచును. దాని తీపికాయలను పశువులును మేకలును తిని, నలుగని గింజలను ఊరి పొలమంతటను వెదజల్లును. కావున గొడ్డలి రెండు చెట్లపైని సమానముగా పడినను, ఖాళీయైన గట్టు సర్కారుతుమ్మకే దక్కుచున్నది.

ఆ చెట్టు తనంతట వచ్చినది కాదు. 1877 ప్రాంతమున అటవీశాఖవారు వంటచెరకు కొఱకు విదేశమునుండి గింజలు తెప్పించి మన కడప సీమలో విత్తించిరి. వారి యుద్దేశము చెడ్డది కాదు. దాని బొగ్గు కాల్చుకొని బ్రదుకువారు నేటికిని కలరు. కాని చెరువుగర్భములును, వాగుల యొడ్లును, బీళ్లును ఎట్లు మూసికొనిపోయినవో మీరెరుగుదురు.

నా సంగతి చెప్పెదను. మా తండ్రిగారు విడిచిపోయిన నల్లరేగడి చెక్కకు దక్షిణపు గట్టున ఐదు నల్లతుమ్మలుండెను. వానిక్రింద జొన్న పొట్టిగా నున్నదని యొక వేసవిలో నాలుగింటిని కొట్టించితిని. పరులకు సేద్యము నేర్పు ఉద్యోగములో నుండియు, ముందు కొమ్మలు కోయించి చూతమను తలంపు నాకు తట్టలేదు. మూడేండ్లకు ఆ గట్టు సర్కారుకంపతో నిండినది. మిగిలిన యొక్క చెట్టుకు ఏటేట క్రింది కొమ్మలు తీయించుచున్నాను. దానిక్రింద జొన్న ఇప్పటికిని కొంచెము తక్కువే. కాని గడ్డిపోచ దొరకని నడివేసవిలో మా మేకలు ఎదురుచూచునది దాని కాయలకే.

నాటదలచినవారు సంచిమొక్కకంటె గింజనే విత్తుట మేలు. తుమ్మ తల్లివేరు లోతుగా దిగునది. సంచిలో అది చుట్టలు చుట్టుకొనును. గింజ పొర గట్టిది గనుక, కాగిన నీటిని పొయ్యినుండి దించి, అందు గింజలు వేసి ఒక రాత్రి నాననిచ్చి తొలకరిలో విత్తవలెను. మేకలదొడ్డిలో ఏరిన గింజలకు ఈ శ్రమయు అక్కరలేదు. రెండేండ్లు కంప కట్టి కాపాడవలెను. ఇతర చెట్ల నీడలో ఈ మొక్క బ్రదుకదు. ఉత్తరపు గట్టు శ్రేష్ఠము; రబీలో నీడ మన పైరుపై పడదు. అది పొరుగువాని చేనిపై పడును గనుక, ముందుగా ఆయనతో మాటలాడుకొనుడు. గట్టు తగవులు మనకు చాలినన్ని యున్నవి.

మూడవయేటినుండి ప్రతి వేసవిని, చెట్టు ఎత్తులో క్రింది మూడవవంతు కొమ్మలను చీలకుండ నున్నగా కోయవలెను. పైరువైపున నాలుగైదడుగుల యెడముగా రెండడుగుల లోతు కాలువ త్రవ్వినచో ప్రక్కవేర్లు తెగును. ఛత్తీస్‌గఢ్ వరిరైతులు తుమ్మను మళ్లలోనే నిలుపుకొని, కొమ్మలు వాడుకొనుచు, చేవ పట్టిన పిదప కలపకు కొట్టుదురు. దాని వేళ్లయందలి బుడిపెలు గాలిలోని నత్రజనిని గ్రహించునని వారికి చదువు చెప్పలేదు, అనుభవము చెప్పినది.

సర్కారుతుమ్మను తీయదలచినచో పైపైని కొట్టుట వ్యర్థము. అడుగులోతు త్రవ్వి మొద్దును పెకలింపవలెను. చెరువుగర్భములోని కంపను బొగ్గుకు వేలమువేయునపుడు మొద్దులు పెకలించు షరతును చేర్చుమని మన సంఘము పంచాయతీవారిని కోరవలెను. ఖాళీయైనచోట నల్లతుమ్మ గింజలు చల్లవచ్చును. కొన్నాళ్లు మొదట నీరు నిలిచినను అది ఓర్చును. షరతువలన వేలము పాట తగ్గునని కొందరు నాతో ననిరి. తగ్గనిండు.