"ట్యాంక్‌బండ్" అని పేరు పెట్టింది నేనే

ఫస్ట్ ఇయర్‌లో మా క్లాస్‌లో ఒకడికి "ట్యాంక్‌బండ్" అని పేరు పెట్టాను. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. సెకండ్ ఇయర్‌కి వచ్చేసరికి వాడు మాతో క్యాంటీన్‌కి రావడం మానేశాడు. ఎందుకని అడిగితే "తింటే ఒక మాట, తినకపోతే ఒక మాట. ఎందుకురా?" అన్నాడు. వాడు అప్పటికే మూడు డైట్లు చేశాడట. ఒకసారి తొమ్మిది కిలోలు తగ్గి, మళ్లీ పది పెరిగాడు.

తక్కువ తింటే తగ్గుతాం అనేదే నాకు తెలిసిన లెక్క. అది తప్పు కాదు, కానీ సగమే. ఎంత ఆకలి వేయాలో మనం నిర్ణయించం. కడుపులో పుట్టే గ్రెలిన్ ఆకలి పెంచుతుంది. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ "నిల్వ ఉంది, చాలు" అని మెదడుకి చెబుతుంది. 1994లో న్యూయార్క్‌లో ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనిపెట్టింది. బరువు తగ్గగానే లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. మన సీఎస్ఈ భాషలో ఇదొక ఫీడ్‌బ్యాక్ లూప్. ఏసీ 24లో పెట్టి కిటికీ తెరిస్తే అది ఇంకా గట్టిగా పనిచేస్తుంది కదా, శరీరం కూడా అలాగే పాత బరువు వైపు లాగుతుంది.

అలాగని ప్రతి లావుకీ థైరాయిడే కారణం అనడమూ తప్పే. థైరాయిడ్ వల్ల మామూలుగా పెరిగేది కొన్ని కిలోలే. పీసీఓఎస్ కావచ్చు, వాడుతున్న స్టెరాయిడ్లు కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. అది తేల్చాల్సింది డాక్టర్, మనం కాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్లవాళ్లలో పదిమందిలో సుమారు ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. ఇంతమందికీ ఒకేసారి బద్ధకం పట్టిందా?

తిండి, నడక, నిద్ర ముఖ్యమే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూచనల్లో ఊబకాయం రాకుండా చూసుకోవడం కూడా ఉంది. రాత్రి ఒంటిగంటకి బిర్యానీ ఆర్డర్ చేసే మనందరికీ అది వర్తిస్తుంది, వాడొక్కడికే కాదు.

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికీ వచ్చాయి. పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్‌లా పనిచేసి ఆకలి తగ్గిస్తాయి. వికారం, వాంతులు రావచ్చు. జిమ్‌లో ఎవరో చెప్పారని పొడిపించుకునేవి కావు. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. "చూశావా, అంతా మోసం" అంటారు. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది, దాన్ని మోసం అంటామా? ఎక్కువకాలం ఉండే జబ్బుకి మందూ ఎక్కువకాలమే కావాలి.

వాడు ఇప్పుడు ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడు. నేను సారీ చెప్తే "ముందు గ్రూప్‌లో ఆ పేరు తీసెయ్" అన్నాడు. తీసేశాను. కానీ జూనియర్లు కూడా వాడిని అలాగే పిలుస్తున్నారు, అసలు పేరు వాళ్లకి తెలియదు. వాళ్లూ ఈ మ్యాగజైన్ చదువుతారు కాబట్టే ఇది రాస్తున్నాను.