తుమ్మేది కొండ, వెనక్కి పోయేది మనమా?

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి ట్యాబ్‌లో కొత్త ఆట ఏదైనా పెట్టమని గొడవ చేస్తుంటే, నా చిన్నప్పటి ఆట ఒకటి గుర్తొచ్చి వెతికి పెట్టాను. దాని పేరు జూంబినీస్. 1996లో అమెరికాలో సీడీ మీద వచ్చిన ఆట. 2015లో దాన్నే కొత్త బొమ్మలతో, వేలితో తాకి ఆడేలా మళ్లీ తయారుచేశారు.

అందులో మొదటి మజిలీ తుమ్ముల కొండలు. ఒక లోయ, దాని మీద రెండు వంతెనలు, ఒక్కో వంతెనకి ముఖమున్న ఒక్కో కొండ కాపలా. ఒక కొండకి కొన్ని లక్షణాలు పడవు. ఎర్రముక్కు పడకపోవచ్చు, కళ్లద్దాలు పడకపోవచ్చు. పడనివాళ్లు వంతెన ఎక్కితే కొండ తుమ్ముతుంది, ఎక్కినవాళ్లు ఎగిరి వెనక్కి పడతారు. ఆరు తుమ్ములకి వంతెన ఊడిపోతుంది, మిగిలినవాళ్లు ఆ ఒడ్డునే ఉండిపోతారు. తనకి ఏది పడదో కొండ చెప్పదు. మనమే కనిపెట్టాలి.

మూడు తుములయ్యాక మా అమ్మాయి నా వైపు తిరిగి, "అమ్మా, ఎలర్జీ కొండకి కదా. దానికే మందెయ్యొచ్చు కదా?" అంది.

నేను నవ్వేసి, "అలా కుదరదు, నువ్వు రూలు కనిపెట్టాలి" అన్నాను. అన్న తర్వాత ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. తొమ్మిదేళ్లప్పుడు ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదు? ఆ ప్రశ్నకి చోటే లేని ఆటని, ఆడపిల్లలకి దొరికిన మంచి ఆట అని ఇన్నాళ్లూ క్లాసుల్లోనూ సభల్లోనూ ఎందుకు చెప్పుకుంటూ వచ్చాను? ఈ వ్యాసం నాతో నాకున్న తగాదా. మీతో కూడా.

ముందుగా ఆ ఆటకి చెందవలసిన గౌరవం దానికి చెప్పాలి. టెర్క్ అనే విద్యా పరిశోధనా సంస్థలో స్కాట్ ఆస్టర్‌వైల్, క్రిస్ హాంకాక్ అనే ఇద్దరు దాన్ని రూపొందించారు. బ్రోడర్‌బండ్ కంపెనీ విడుదల చేసింది. జూంబినీలు నీలంరంగు చిన్నజీవులు. ఐదు రకాల జుట్టు, ఐదు రకాల కళ్లు, ఐదు రంగుల ముక్కులు, ఐదు రకాల పాదాలు, వెరసి 625 కలయికలు. వాళ్ల దీవిలోకి బ్లోట్లు అనేవాళ్లు వ్యాపారం పేరుతో చొరబడి, వాళ్లని బానిసలు చేసుకుంటారు. జూంబినీలు పడవలెక్కి పారిపోతారు. ఒక్కో జట్టులో పదహారు మందిని చేర్చి, పన్నెండు చిక్కుముడులున్న దారుల్లో నడిపించి, కొత్త ఊరికి చేర్చడం మన పని.

అదే 1996లో మాటెల్ కంపెనీ 'బార్బీ ఫ్యాషన్ డిజైనర్' అనే ఆట తెచ్చింది. మొదటి రెండు నెలల్లోనే ఐదు లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది. ఆడపిల్లలు కంప్యూటర్ దగ్గరికి రావాలంటే గులాబిరంగు గౌన్లు ఉండాల్సిందేనని వ్యాపారులు తేల్చేసుకున్న కాలం అది. ఆ కాలంలో ఆడా మగా చెప్పకుండా, కేవలం తర్కం మీద నడిచే ఆట రావడం చిన్న విషయం కాదు. కానీ వ్యాపారం దాన్నీ వదల్లేదు. 1998లో బ్రోడర్‌బండ్‌ని లెర్నింగ్ కంపెనీ కొనేసింది. 1999లో ఆ లెర్నింగ్ కంపెనీని దాదాపు 350 కోట్ల డాలర్లకి మాటెలే కొన్నది. ఏడాది తిరిగేసరికి భయంకరంగా నష్టపోయి 2000లో వదిలించుకుంది. బార్బీ ఇంట్లో జూంబినీలు కొన్నాళ్లు అద్దెకున్నారన్నమాట! ఆడపిల్లల కోసమే ఆటలు చేయాలని బ్రెండా లారెల్ మొదలుపెట్టిన పర్పుల్ మూన్ సంస్థ కూడా చివరికి 1999లో మాటెల్ చేతికే పోయింది. గులాబిరంగు ఆటకీ, ఏ రంగూ లేని ఆటకీ, రెంటికీ ఒకే యజమాని వచ్చాక, వాటి మధ్య మనం గీసిన గీత ఎంత పల్చనిదో అప్పుడే అర్థం కావలసింది.

'ఏ రంగూ లేని' అన్నాను గానీ అది కూడా ఇంగ్లీషులో సాగే మాటే. 1998లో నాన్న ఉద్యోగం వల్ల మేం గుంటూరు నుంచి న్యూజెర్సీ వెళ్లాం. గరాజ్ సేల్‌లో ఒక డాలరుకి దొరికిన ఆ సీడీని నేనూ తమ్ముడూ తెలుగులో ఆడుకునేవాళ్లం. తెలుగులో ఏకవచనం దగ్గరికి వస్తే మనిషి క్రియ మగవాడికే. 'వాడు దాటాడు.' ఆడమనిషికీ పిల్లికీ బల్లకీ ఒకటే, 'దాటింది'. పదిమందిలో కలిస్తేనే ఆడవాళ్లకి మనుషుల క్రియ దొరుకుతుంది, 'దాటారు' అని. మా ఆటలో టోపీవాడు దాటాడు, కళ్లద్దాలవాడు దాటాడు, ఒంటికన్నువాడు దాటాడు. పోనీటెయిల్‌ది మాత్రం దాటింది. ఆ బొమ్మల్లో ఆడామగా ఉన్నాయని మాకెవరూ చెప్పలేదు. ఆట ఖాళీగా వదిలిన చోట ఇల్లు వచ్చి కూర్చుంది. చెప్పకుండా వదిలేస్తే సమానత్వం దానంతటదే వస్తుందనుకోవడం ఎంత అమాయకత్వమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆ సీడీని మాకంటే బాగా ఆడింది అమ్మ. అమ్మ స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, గుంటూరులో కాలేజీ లెక్చరర్‌గా పనిచేసింది. నాన్న హెచ్-1 మీద వెళ్తే మేం ముగ్గురం హెచ్-4 మీద వెళ్లాం. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. మధ్యాహ్నం వంటపని అయ్యాక అమ్మ సరుకుల బిల్లు వెనక గళ్లు గీసుకుని, ఎవరు దాటారో ఎవరు వెనక్కి వచ్చారో గుర్తులు పెట్టుకుంటూ ఆడేది. మొదటి తుమ్ముకి, "బయల్దేరేటప్పుడు తుమ్మారు, కాసిని మంచినీళ్లు తాగి కదలండర్రా" అని నవ్వేది. "ఒకసారికి ఒక్కటే మార్చి చూడవే. ముక్కూ జుట్టూ రెండూ మారిస్తే దేనికి తుమ్మిందో ఎలా తెలుస్తుంది?" అని నాకు నేర్పింది. ఇంగ్లీషు రాక బడిలో మూగదానిలా కూర్చునే నాకు ఆ మాట పెద్ద ఆసరా. వెనక్కి పడ్డవాడిలో లోపం లేదు. కొండకో రూలుంది, అది బయటికి కనపడదు, ఓపికపడితే తెలుసుకోవచ్చు. లోపం తమలోనే ఉందని ప్రతి ఆడపిల్లా నమ్మేలా పెంచే లోకంలో ఇది తెలియడం సగం విముక్తి అని ఇప్పటికీ అంటాను.

కానీ సగమే. అమ్మ కొండ రూలుని కనిపెట్టాల్సిన పనే లేదు. అది కాగితం మీద అచ్చేసి ఉంది. నువ్వు భార్యవి, నువ్వు పనిచేయకూడదు, అంతే. ఎన్ని గళ్లు గీసినా, ఎంత తర్కం తెలిసినా, ఆ వంతెన తెరుచుకోలేదు. 2003లో తిరిగొచ్చాక, ఐదేళ్ల ఖాళీ ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూల్లో అడిగినప్పుడు చెప్పడానికి అమ్మ దగ్గర జవాబు లేకపోయింది. రిటైరయ్యే వయసు దాకా ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంది.

ఆటలో మూడో మజిలీ గురించి కూడా చెప్పాలి. ఆర్నో అనే చెట్టుభూతం దారికి అడ్డంగా కూర్చుని పిజ్జా చేసిపెట్టమంటాడు. దాని మీద ఏమేం వేయాలో చెప్పడు. తక్కువైతే ఇంకా కావాలంటాడు. పడనిది ఒక్కటి పడినా మొత్తం విసిరికొడతాడు. కొంచెం కష్టమైన స్థాయికి వెళ్తే ఇంకో ఇద్దరు తోడవుతారు, ఒక్కొక్కరిదీ ఒక్కో రుచి. తొమ్మిదేళ్ల పిల్లగా అది నాకు ఆట. నలభైకి దగ్గరపడుతున్న ఆడదానిగా మళ్లీ ఆడుతుంటే చేతులు ఆగిపోయాయి. తనకేం కావాలో చెప్పనివాడి నాలుకని కనిపెట్టడమే తెలివిగా లెక్కకొచ్చే ఇళ్లు మనకి కొత్తా? విసిరికొట్టిన కంచం చూసి మర్నాడు ఉప్పు సర్దుకోవడం మన అమ్మమ్మలు ఏ కంప్యూటరూ లేకుండానే నేర్చుకున్నారు. తుమ్ముల కొండల దగ్గరకొస్తే, ముక్కు రంగుని బట్టి నువ్వు ఈ దారిన, నువ్వు ఆ దారిన అని విడదీసి పంపడం, టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులు పెట్టిన దేశంలో ఆడేటప్పుడు ఉత్త తర్కంగా మిగలదు.

ఇక్కడ నా అసలు ఫిర్యాదు చెబుతాను. ఈ ఆట రూలు ఏమిటో కనిపెట్టమంటుంది. రూలు ఎవరు పెట్టారని, ఎందుకు పెట్టారని అడగనివ్వదు. జూంబినీలు బ్లోట్ల మీద తిరగబడరు, పారిపోతారు. దారిలో ప్రతి కాపలావాడి ఇష్టానికీ తమని తాము అమర్చుకుని దాటిపోతారు. 2002లో వచ్చిన మూడో భాగంలో సొంత దీవికి తిరిగొస్తారు. అప్పటికి బ్లోట్లు దీవిని పాడుచేసి వెళ్లిపోయి ఉంటారు. దాన్ని మళ్లీ బాగుచేసే పని కూడా జూంబినీలదే! ఇల్లు తుడిచే పని ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

పాత ఆటని తిరిగి తయారుచేయడమంటే పెద్దవాళ్లకి రెండోసారి ఆలోచించుకునే అవకాశం దొరకడం. ఏం ఉంచాలి, ఏం మార్చాలి అని. 19 ఏళ్ల తర్వాత బొమ్మలు మార్చారు, మెరుగులు దిద్దారు. పన్నెండు చిక్కుముడులూ అవే, కథా అదే. చిన్నప్పుడు ఆడినవాళ్లు కిక్‌స్టార్టర్‌లో చందాలేసి మరీ చేయించుకున్నారు. ఉన్నదున్నట్టు ఉంచడమే గొప్ప అని మెచ్చుకున్నారు. వాళ్లలాగే నేనూ మురిసిపోయాను. జ్ఞాపకానికి ఉన్న జబ్బే అది, తను ప్రేమించినదాన్ని ప్రశ్నించనివ్వదు.

ఆ తర్వాత టెర్క్ పరిశోధకులు ఇదే ఆటతో బళ్లలో 'కంప్యుటేషనల్ థింకింగ్' మీద అధ్యయనం చేశారు. సమస్యని ముక్కలు చేయడం, పోలికలు పట్టుకోవడం, సూత్రం తీయడం, పద్ధతి కట్టడం, ఇవీ అందులోని మెట్లు. 2006లో ఈ మాటకి కొత్త ఊపిరి పోసింది జెనెట్ వింగ్ అనే శాస్త్రవేత్త, స్త్రీయే. ఆ నైపుణ్యాల మీద నాకు కోపం లేదు. 'ఎవరి రూలు ఇది?' అనే ఐదో మెట్టు ఎక్కడ పోయిందన్నదే నా ప్రశ్న. మన కోచింగ్ కాలేజీల్లో రాత్రింబగళ్లు ప్రశ్నపత్రాల తీరు కనిపెట్టే అమ్మాయిలని చూడండి. పరీక్ష పెట్టేవాడి మనసు వాళ్లకి కొట్టినపిండి. అదే అమ్మాయిలు హాస్టల్ గేటు ఆరింటికే ఎందుకు మూస్తారని అడిగితే మాత్రం తలబిరుసు అంటారు.

ఇప్పుడు మన సంగతి. మనలో కొందరికి ఆడపిల్లలు లెక్కలూ కోడింగూ నేర్చుకుంటే చాలు, మిగతాది దానంతటదే వస్తుందని నమ్మకం. వాళ్లకి మా అమ్మ కథే జవాబు. ఇంకొందరు, ముఖ్యంగా సాహిత్యంలో ఉన్నవాళ్లు, తర్కం పురుషుడిదనీ అనుభూతే మనదనీ గర్వంగా చెప్పుకుంటారు. వాళ్లతో నా తగాదా ఇంకా పెద్దది. సరుకుల బిల్లు వెనక గళ్లు గీసిన ఆ చెయ్యి ఎవరిది? గదులన్నీ మగవాళ్ల పేర రాసిచ్చేసి, వరండాలో కూర్చుని దాన్నే మన ప్రత్యేకత అనుకోవడం నాకు సమ్మతం కాదు. రూలు ఉందని తెలియాలంటే తర్కం కావాలి. అది తప్పని నిరూపించడానికి అంతకంటే ఎక్కువ తర్కం కావాలి.

పిల్లల ఆట మీద ఇంత బరువు మోపుతావా అంటారేమో. ఆట విప్లవం తేవాలని నేననడం లేదు. రూలు తప్పని చెప్పినవాళ్లు బయట ఉన్నారు. హెచ్-4 భార్యల జీవితాల మీద మేఘనా దమానీ 2007లో 'హార్ట్స్ సస్పెండెడ్' అనే డాక్యుమెంటరీ తీసింది. ఎందరో స్త్రీలు తమ గోడు చెబుతూనే ఉన్నారు. 2015 మే నెలలో, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం నడిచిన ఉద్యోగుల జీవిత భాగస్వాములకైనా పనిచేసే అనుమతి వచ్చింది. దాన్ని కొట్టేయించాలని కోర్టుకెక్కినవాళ్లూ ఆ ఏడే ఎక్కారు. ఆట తిరిగొచ్చిందీ ఆ ఏడే. ఆటలో కొండ పాత కొండలాగే తుమ్ముతోంది. బయటి కొండని కొంచెమైనా కదిపింది మాత్రం ముక్కు రంగు చూసి వరసలు సర్దినవాళ్లు కాదు, కొండనే నిలదీసినవాళ్లు.

అమ్మకి ఫోన్ చేసి మనవరాలి మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను అన్ని మధ్యాహ్నాలు ఆడాను. నాకు తోచలేదు చూడు" అంది.

ఆ సాయంత్రం మా అమ్మాయి దగ్గర కూర్చుని, పొద్దున నేను చెప్పిన జవాబు తప్పని ఒప్పుకున్నాను. కొండకి మందెయ్యొచ్చు, కానీ ఈ ఆటలో ఆ మీట పెట్టలేదు, ఎందుకు పెట్టలేదో ఆలోచిద్దాం అన్నాను. ముందు ఎవరు తుమ్మించుకుంటున్నారో రాసుకుందామని అది కాగితం తెచ్చుకుంది. అమ్మ గీసినట్టే గళ్లు గీయడం నేర్పాను. గళ్ల పక్కన కొండకి కూడా ఒక గడి పెట్టమని అదే అడిగింది.