చిలకకు కారం తెలియదు, వేడి తెలుసు

కిందటి వేసవిలో పర్చూరు పక్కనున్న మా వూరినుంచి గుంటూరుకు కారులో బయలుదేరాం. వెనకసీటులో నాయనమ్మ, నేను, మా యిద్దరి మధ్య పంజరంలో రామచిలక. గుంటూరులో మేనత్త పిల్లలు ఆడుకుంటారని దాన్ని తీసుకువెళ్తున్నాం. పేరులోనే చిలకను పెట్టుకున్న చిలకలూరిపేటలో టీ తాగటానికి ఆగాం. పక్షేగదా, యెక్కడికి పోతుందని అద్దాలన్నీ యెత్తేసి దిగాం. పావుగంటకు తిరిగొచ్చి చూస్తే ముక్కు తెరిచి, రెక్కలు వంటికి యెడంగా పెట్టి రొప్పుతోంది. నీడకు చేర్చి, నీళ్ళు చిలకరిస్తే బతికింది. "యెంత పాపం మూటగట్టుకోబోయాంరా అబ్బాయ్!" అంది నాయనమ్మ.

సైన్సు విద్యార్థిగా నాకు ఆ రోజు సిగ్గేసింది. పక్షికి చెమట పట్టదు. రొప్పటమే దాని విసనకర్ర. యెండలో అద్దాలు మూసిన కారులో పది నిమిషాలకే పది డిగ్రీలదాకా వేడి పెరుగుతుంది. మన కల్లంలో మిరపపండును చిలక చక్కెరలా తింటుంది గదా! కారణం వుంది. మనకు కారం మంట తెలిపే గ్రాహకమే వేడినీ తెలుపుతుంది. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లోని ఆ గ్రాహకం కారానికి పలకదనీ, వేడికి మాత్రం పలుకుతుందనీ ఆయన బృందమే 2002లో కోడిలో చూపింది. అంటే గుంటూరు మిరపకాయను లెక్కచెయ్యని పిట్టను మన కారు మాత్రం కాల్చింది.

"జొన్నచేలో మంచె యెక్కి వడిసెల విసిరే రైతుబిడ్డవు, నీకు చిలకమీద జాలేమిటి?" అని మిత్రులు నవ్వారు. నిజమే, విసిరాను. కాని చేలో అది యీడుజోడుల తగాదా. మనం తరిమితే పక్కచేలో వాలుతుంది. పంజరానికి పక్కచేను లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టటం, అమ్మటం, పెంచటం నేరం. 2018లో మన రాష్ట్రపక్షిగా ప్రకటించిందీ దీన్నే. అయినా తాటితొర్రలోంచి పిల్లల్ని తీసి అమ్మేవాళ్ళున్నారు, కొనే మనమూ వున్నాం. కారులో పక్షిని యెలా తీసుకువెళ్ళాలి అన్నది రెండో ప్రశ్న. అసలెందుకు తీసుకువెళ్ళాలి అన్నది మొదటిది.

రెక్కలు కత్తిరించిన పక్షిని వూరికే వదిలితే కాకులపాలవుతుంది. అందుకని మాదాన్ని అటవీశాఖవారికి అప్పగించాం. మేనత్త పిల్లలు నాతో రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజున మేడమీదికి పిలిచి, వేపచెట్టుమీద వాలిన చిలకల్ని వాళ్ళే నాకు చూపించారు.