మోటారు నాడి చూసే బుల్లి బోర్డు

'నీరు లాగట్లేదు, మోటారు కట్టీరా!' అనకాపల్లి జిల్లా రోలుగుంట వైపు చెరకు తోటల్లో గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఇలా కేకేశాడంటే, బోరు దాకా వెళ్లి చూడక్కర్లేదు. చప్పుడు మారితే ఆయన చెవికి తెలిసిపోతుంది. మరి ఆయన ఊళ్లో లేని రోజున? ఖాళీగా తిరిగిన మోటారు వేడెక్కి పాడైతే, బాగై వచ్చేదాకా తోటకు నీళ్లుండవు.

పెద్దాయన చెవితో పసిగట్టేదాన్ని అంకెల్లో చూపించేది కరెంటు. నీళ్లు తోడుతున్న మోటారు ఎక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది. బోరు ఎండి ఉత్తినే తిరిగితే ఆంపియర్లు తగ్గుతాయి. ఏదైనా అడ్డుపడి బిగుసుకుపోతే ఒక్కసారిగా పెరిగిపోతాయి. ఆంపియర్లు తెలిస్తే మోటారు నాడి దొరికినట్టే.

ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న పిల్లలు ఈ నాడి పట్టడానికి వాడే బోర్డులో 'ఏసీఎస్712' అనే చిప్ ఉంటుంది. దీని వెనకున్న సూత్రం పాతదే. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా విద్యార్థి పల్చటి బంగారు రేకులో కరెంటు పంపి, పక్కన అయస్కాంతం పెట్టాడు. రేకు అడ్డంగా చిన్న వోల్టేజి పుట్టింది. అదే హాల్ ఎఫెక్ట్. చిప్‌లో రాగి దారి గుండా కరెంటు వెళ్తుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పక్కనున్న హాల్ సెన్సర్ దాన్ని వోల్టులుగా మారుస్తుంది. కొలిచే తీగకూ, లెక్క చెప్పే తీగకూ మధ్య విద్యుత్ సంబంధం ఉండదు.

లెక్క ఇలా...

ఈ చిప్ 5, 20, 30 ఆంపియర్ల రకాల్లో దొరుకుతుంది. 5 వోల్టులు ఇస్తే, కరెంటు లేనప్పుడు అవుట్‌పుట్ 2.5 వోల్టులు. ఆపైన ఆంపియరుకు వరసగా 185, 100, 66 మిల్లీవోల్టుల చొప్పున మారుతుంది. 12 వోల్టుల బండి బ్యాటరీకి 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలిస్తే సుమారు 1.75 ఆంపియర్లు. 20 ఆంపియర్ల బోర్డు అప్పుడు 2.675 వోల్టులు చూపాలి. తీగలు తిరగేస్తే 2.325.

చూపించకపోతే? బోర్డు పాడైందనుకోనక్కర్లేదు. సప్లయి 4.8 వోల్టులే ఉంటే సున్నా కూడా 2.4కి దిగుతుంది. అందుకే ముందు కరెంటు లేకుండా కొలిచి, ఆ అంకెనే సున్నాగా రాసుకోవాలి. స్పీకరు, రిలే లాంటివి పక్కన ఉన్నా లెక్క చెడుతుంది.

ఇంకో చిక్కుంది. ఆర్డుయినో ఊనో 5 వోల్టులను 1024 మెట్లుగా చూస్తుంది. 20 ఆంపియర్ల రకంలో ఒక్కో మెట్టు దాదాపు 0.05 ఆంపియరు. అంటే 230 వోల్టుల దగ్గర సుమారు 11 వాట్లు! దాంతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును కొలవాలనుకోవడం, చెరకు లారీల కాటా మీద ముక్కుపుడక తూచడమే.

ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఊరికే సగటు తీస్తే సున్నాయే వస్తుంది. కొన్ని ఊపుల పాటు వందలకొద్దీ రీడింగులు తీసుకుని, ఒక్కోదాంట్లోంచి సున్నా అంకెను తీసేసి, వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీయాలి. ఎనిమిదో తరగతి లెక్కలు ఇక్కడ పనికొస్తాయి!

చేతులు జాగ్రత్త

చిప్ లోపల రక్షణ ఉన్నా, బోర్డు మీది స్క్రూలు, వెనక టంకం చుక్కలు బోడిగానే ఉంటాయి. వాటిలో 230 వోల్టులు పారుతుండగా వేలు తగిలితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే పిల్లల ప్రయోగం 12 వోల్టుల బ్యాటరీ, బల్బులతోనే సాగాలి. ఆ తీగలోనూ ఫ్యూజు ఉండాలి. ఇంటి కరెంటు కొలవాలంటే తీగ కోయకుండా చుట్టూ పట్టుకునే క్లాంప్ సెన్సర్ మేలు. దాన్ని ఒక్క ఫేజ్ తీగకే తగిలించాలి. రెండు తీగల్నీ కలిపి పట్టుకుంటే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఆ పని కూడా ఎలక్ట్రీషియన్ చేతుల మీదుగానే జరగాలి. త్రీఫేజ్ స్టార్టరు డబ్బా జోలికి పిల్లలు అస్సలు వెళ్లకూడదు.

బల్బుతో లెక్క కుదిరాక మోటారు సంగతి చూడొచ్చు. నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు ఎన్ని ఆంపియర్లో ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటరుతో కొన్నాళ్లు కొలిపించి, రాసుకోవాలి. ఎంతకు దిగితే గంట మోగించాలో ఆ కాగితమే చెబుతుంది. కొలిచే రోజున పెద్దాయన్నీ పక్కన కూర్చోబెట్టుకుంటే మంచిది. ఆయన 'కట్టీరా' అన్న క్షణంలో మీటరు ఎంత చూపిందో, రాసుకోవాల్సిన అసలు అంకె అదే మరి!